కూలిన విమానానికి బదులు ఏ విమానం?

ప్రశ్న: మాది చిత్తూరు. ఏడాది కిందట రిమోట్‌తో ఎగిరే ఎలక్ట్రిక్ విమానం కొన్నాను. పాతకాలపు యుద్ధవిమానం ఆకారం. రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకు 110 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 1,150 గ్రాములు. మా మామిడితోట పక్కనున్న బీడులో ఆరోసారి ఎగరేసినప్పుడు కూలిపోయింది. నావైపు మళ్ళిస్తుండగా ఎత్తు తగ్గుతోందనిపించి, ముక్కు పైకి లేవాలని రిమోట్ స్టిక్‌ను వెనక్కి లాగుతూ పోయాను. ఎడమ రెక్క ఒక్కసారిగా వాలి, విమానం గిరగిరా తిరుగుతూ ముక్కుతో నేలను కొట్టుకుంది. సిగ్నల్ పోయిందని నా అనుమానం; గాదంకి రాడార్ ప్రభావం కావచ్చునని ఒక మిత్రుడన్నాడు. బాడీ రెండు ముక్కలైంది, మోటారు షాఫ్ట్ వంగింది, రెక్కల, తోక పలకలను కదిలించే నాలుగు సర్వోల్లో (చిన్న మోటార్లలో) రెండు పోయాయి. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రిమోట్, దాని రిసీవర్, మోటారు వేగాన్ని నియంత్రించే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, 2200 ఎంఏహెచ్ 3ఎస్ (మూడు సెల్‌ల) లైపో బ్యాటరీ మిగిలాయి. అదే విమానం మళ్ళీ కొనాలా, ఇంకా దృఢమైనది చూడాలా? చక్రాలున్నది మంచిదా? గైరో (విమానాన్ని నిలకడగా ఉంచే పరికరం) ఉంటే కూలదంటున్నారు, నిజమేనా?

జవాబు: ఏది కొనాలో తేల్చుకునే ముందు మీ విమానం ఎందుకు కూలిందో తెలుసుకోవాలి. కారణం తెలియకుండా కొంటే కొత్త విమానానికీ అదే గతి పడుతుంది. సిగ్నల్ అనుమానాన్ని మీ వర్ణనే కొట్టివేస్తోంది. గాదంకిలోని వాతావరణ పరిశోధన రాడార్ (ఎంఎస్‌టీ) 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, మీ రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న అంతరం దృష్ట్యా రాడార్‌ను నిందించడం న్యాయం కాదు. పైగా సిగ్నల్ పోయిన విమానం సరిగ్గా మీరు మలుపులో స్టిక్‌ను బాగా వెనక్కి లాగిన క్షణంలోనే, ఒకే రెక్క మీద వాలి, బొంగరంలా తిరగవలసిన పని లేదు. మీరు రాసినవి స్టాల్ లక్షణాలు. విమానం వేగం తగ్గినప్పుడు ముక్కును ఇంకా పైకి లేపబోతే, రెక్క పైభాగాన్ని అంటి సాగవలసిన గాలి విడిపోయి, రెక్క విమానాన్ని మోసే శక్తిని కోల్పోతుంది. మలుపులో ఇది మరీ ప్రమాదకరం. 60 డిగ్రీల వాలుతో, ఎత్తు కోల్పోకుండా తిరిగే విమానం రెక్క తన బరువుకు రెట్టింపు మోయాలి కాబట్టి, తిన్నగా పోయేటప్పుడు ఎంత వేగానికి స్టాల్ అవుతుందో దానికి 1.41 రెట్ల వేగం దగ్గరే మలుపులో స్టాల్ అవుతుంది. ఎత్తు తగ్గుతోందని మీరు చేసిన సవరణే విమానాన్ని పడవేసింది. ఇది దాదాపు ప్రతి కొత్తవాడూ చేసేదే. అక్కడ చేయవలసింది స్టిక్‌ను కాస్త వదిలి, రెక్కలను సమంగా తెచ్చి, థ్రాటిల్ (మోటారు వేగం) పెంచడం.

ఇందులో విమానం పాత్ర కూడా ఉంది. యుద్ధవిమానాల రెక్క కొసలకు పోయేకొద్దీ సన్నబడుతుంది. అలాంటి రెక్కలో స్టాల్ కొసల దగ్గర మొదలవుతుంది, రెండు కొసలూ ఒకే క్షణంలో పట్టు తప్పవు కాబట్టి ఒక పక్క వాలిపోతుంది. మొదట నుంచి చివర వరకు ఒకే వెడల్పున్న రెక్కలో స్టాల్ బాడీకి దగ్గరగా మొదలై, విమానం ముక్కు దించి మెల్లగా జారుతుంది. అప్పుడు సరిదిద్దుకునేందుకు మీకు రెండు మూడు సెకన్లు దొరుకుతాయి. అందుచేత అదే విమానాన్ని మళ్ళీ కొనవద్దన్నది నా మొదటి సలహా.

ఇక దృఢమైన విమానం మాట. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. దృఢత్వం కోసం బరువు పెరిగితే విమానం గాలిలో నిలవడానికి ఇంకా వేగంగా పోవాలి, వేగంగా పోయే బరువైన వస్తువు నేలను ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. మీ పాత విమానం లెక్క చూద్దాం. ఆ నిడివికి, ఆ ఆకారానికి రెక్క వైశాల్యం సుమారు 20 చదరపు డెసిమీటర్లు అనుకుంటే, ఒక్కొక్క చదరపు డెసిమీటరు 57 గ్రాములు మోస్తోంది. అది తిన్నగా ఎగురుతూ గంటకు 35 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది; నేను పైన చెప్పిన మలుపులోనైతే 50 దగ్గరే. 140 సెంటీమీటర్ల రెక్కతో 950 గ్రాములు తూగే శిక్షణ విమానానికి వైశాల్యం 27 చదరపు డెసిమీటర్ల వరకు ఉంటుంది, భారం 35 గ్రాములకు దిగుతుంది, స్టాల్ వేగం గంటకు 28 కిలోమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ వేగాలతో నేలను తాకినప్పుడు రెండో దానికి తగిలే దెబ్బలోని శక్తి మొదటిదానిలో సుమారు సగమే. కాబట్టి వెతకవలసింది ఎక్కువ రెక్క, తక్కువ బరువు ఉన్న విమానం. దుకాణంలో రెక్కల నిడివి, ఎగిరేటప్పటి మొత్తం బరువు, రెక్క వైశాల్యం అడగండి. ఈ మూడు అంకెలు చెప్పలేని చోట కొనకపోవడమే మేలు.

ఆకారాల్లో మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, రెక్క బాడీ పైన ఉండి, ముక్కున ప్రొపెల్లర్, కింద చక్రాలు ఉన్న సాంప్రదాయిక శిక్షణ విమానం. రెండోది, గ్లైడర్‌ను పోలిన పొడవాటి రెక్కతో, ప్రొపెల్లర్ రెక్క వెనుక ఉండే పుషర్ రకం. జర్మనీకి చెందిన మల్టిప్లెక్స్ వారి ఈజీస్టార్ ఈ తరహాకు పేరుపొందినది. చదునైన గట్టి మైదానం ఉన్నవారికి నేను మొదటిదే చెబుతాను, ఎందుకంటే నేల మీద పరుగు తీసి లేవడం, చక్రాల మీద దిగడం నేర్చుకోవడానికి అదే తగినది. మీరు రాసిన చోటు మాత్రం మామిడితోట పక్కనున్న బీడు. మన జిల్లాలో బీడంటే చెనక్కాయ పంట తీసిన మడకచాళ్ళు, గులకరాళ్ళు, పల్లేరుకాయలు. చిన్న చక్రాలు అలాంటి చాళ్ళలో దిగబడి విమానాన్ని ముక్కు మీదికి బోల్తా కొట్టిస్తాయి, ప్రొపెల్లరూ మోటారు షాఫ్టూ మళ్ళీ వంగుతాయి. కనుక మీకు పుషర్ రకాన్నే సూచిస్తున్నాను. చేత్తో విసరవచ్చు, గడ్డిలో పొట్ట మీద దింపవచ్చు, ముక్కుతో పడినా ముందు నలిగేది ఫోమే తప్ప మోటారు కాదు.

దానికీ లోపాలున్నాయి. మోటారు రెక్కకు పైగా ఉండటం వల్ల థ్రాటిల్ ఒక్కసారి పెంచితే ముక్కు కిందికి వంగుతుంది. తక్కువ ఎత్తులో దాన్ని చూసి కంగారుపడకుండా థ్రాటిల్‌ను మెల్లగా పెంచడం అలవాటు చేసుకోవాలి. విసిరే చేతికి ప్రొపెల్లర్ వెనుక ఉంటుంది కాబట్టి బాడీని రెక్క కిందనే పట్టుకుని, ముక్కు ఎత్తకుండా, గాలికి ఎదురుగా బాణంలా విసరాలి. మొదటి కొన్నిసార్లు మరొకరు విసిరి, మీరు రెండు చేతులూ రిమోట్ మీదే ఉంచడం మంచిది.

ఫోమ్ రకాల్లో ఈపీవో అని రాసి ఉన్నది తీసుకోండి. చొట్టపడిన చోట వేడినీళ్ళు పోస్తే చాలావరకు మళ్ళీ ఉబ్బుతుంది, విరిగితే ఫోమ్‌కు పనికివచ్చే జిగురుతో అరగంటలో అతుకుతుంది. ఈపీపీ అనే మరో రకం ఫోమ్ ఇంకా సాగుతుంది, విరగడం అరుదు, కానీ మెత్తదనం వల్ల లోపల కార్బన్ కడ్డీలు లేకపోతే రెక్క ఊగుతుంది. బాల్సా కర్ర విమానం అందంగా ఎగురుతుంది, ఒక్కసారి పడితే మళ్ళీ బల్ల ముందు వారాలు కూర్చోవాలి. మీకు ఇప్పుడే వద్దు. ఫోమ్‌బోర్డుతో స్వయంగా చేసుకుంటానంటే అభ్యంతరం లేదు గానీ, ఫ్లెక్స్ బ్యానర్ల దుకాణంలో దొరికే సన్‌బోర్డు బరువెక్కువ. రెండు వైపులా కాగితం అతికిన తేలికైన ఫోమ్‌బోర్డు కావాలి.

మీ దగ్గర మిగిలిన వాటిలో అన్నిటికన్నా విలువైనది రిమోటే, కొనుగోలును నిర్ణయించవలసిందీ అదే. ఆర్‌టీఎఫ్ అంటే రిమోట్‌తో సహా సర్వం కలిపి అమ్మేది. మీకు అనవసరపు ఖర్చు. బీఎన్‌ఎఫ్ అంటే రిసీవర్‌తో వచ్చేది, కానీ ఆ రిసీవర్ తనకు తెలిసిన భాషలో మాట్లాడే రిమోట్‌కే జత కుదురుతుంది. ఉదాహరణకు హారిజన్ హాబీ వారి బీఎన్‌ఎఫ్ విమానాలు డీఎస్‌ఎంఎక్స్ పద్ధతిని వాడతాయి, మీ ఐ6 ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ వాడుతుంది, రెండూ 2.4 గిగాహెర్ట్జే అయినా నేరుగా కలవవు. మీరు అడగవలసింది పీఎన్‌పీ. అందులో మోటారు, ఈఎస్‌సీ, సర్వోలు అమర్చే ఉంటాయి; మీ రిసీవర్, మీ బ్యాటరీ పెడితే చాలు. ఆ 3ఎస్ 2200 బ్యాటరీ సుమారు 180 గ్రాములు ఉంటుంది కాబట్టి, కొనబోయే విమానం ఆ బరువును ముక్కులో భరించగలదో, గురుత్వ కేంద్రం తయారీదారు గుర్తుపెట్టిన చోటే వస్తుందో ముందే చూడాలి. ఈ తరహా విమానాల్లో కొన్ని అంతకంటే చిన్న బ్యాటరీని ఉద్దేశించి చేసినవి.

కొనే ముందు ఇంకొక ప్రశ్న తప్పక వేయండి: రెక్క ఒక్కటే, తోక ఒక్కటే, మోటారు బిగించే ప్లాస్టిక్ ముక్క ఒక్కటే విడిగా దొరుకుతాయా? నా దృష్టిలో బ్రాండు కన్నా, మోటారు బలం కన్నా దీనికే ఎక్కువ మార్కులు. రెండోసారి కూడా పడుతుంది. అప్పుడు రెక్క ఒక్కటి కొనడమా, మళ్ళీ మొత్తం విమానం కొనడమా అన్నది ఈ రోజు మీరు ఎంచుకునేదాన్ని బట్టే ఉంటుంది. విదేశీ వెబ్‌సైట్‌లో చౌకగా కనిపించినదాన్ని తెప్పించుకోవాలనుకుంటే ఒక మాట: 2022 ఫిబ్రవరి నుంచి పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది, విడిభాగాలకు ఆ నిషేధం లేదు. మీ విమానం కస్టమ్స్ దగ్గర ఏ లెక్కలో పడుతుందోనని ఎదురుచూసే కన్నా దేశంలోనే నిల్వ ఉన్నదాన్ని కొనడం నయం.

గైరో గురించి. అది గాలి కుదుపులకు రెక్క ఊగకుండా పట్టి ఉంచుతుంది. తనంతట సమంగా నిలిచే మోడ్ ఉంటే, స్టిక్కులు వదిలేసినప్పుడు రెక్కలను సమం చేస్తుంది. కొత్తవారికి నిజంగా ఉపకారం. అయితే వేగం లేని విమానానికి వేగాన్ని గైరో ఇవ్వలేదు. మామూలు గైరో వాలుతున్న రెక్కను ఎత్తబోయి ఆ పక్క ఐలెరాన్‌ను (రెక్క వెనుక అంచున కదిలే పలకను) దించుతుంది, స్టాల్ అంచున ఉన్న రెక్కకు అది ఇంకా చేటు చేయవచ్చు. విమానంతోపాటు వస్తే తీసుకోండి, దాని కోసమే ఎక్కువ పెట్టకండి. పెట్టుకుంటే ప్రతిసారీ ఎగరేసే ముందు విమానాన్ని చేత్తో ఎడమకు వాల్చి చూడండి. ఎడమ ఐలెరాన్ కిందికి దిగాలి. పైకి లేస్తే గైరో తలకిందులుగా పనిచేస్తోందన్నమాట, ఆ స్థితిలో చేతిలోంచి వదలవద్దు.

కూలినప్పుడు ఆ బ్యాటరీ ముక్కులోనే ఉంది. పొర ఉబ్బినా, మూల నలిగినా, తియ్యని ఘాటు వాసన వచ్చినా దాన్ని మళ్ళీ చార్జ్ చేయకండి. బయటికి బాగానే ఉంటే ఒక రోజు ఇంటి బయట ఇసుక పోసిన మట్టికుండలో ఉంచి, తర్వాత మూడు సెల్‌ల వోల్టేజీలు విడివిడిగా చూడండి. వాటి మధ్య తేడా 0.05 వోల్టులు దాటితే పక్కన పెట్టడమే క్షేమం. బాగున్నదైతే 2.2 ఆంపియర్లకు మించకుండా, మీరు దగ్గరుండి చార్జ్ చేయాలి. మన ఎండాకాలంలో స్కూటర్ డిక్కీలోనో, ఎండలో నిలిపిన కారులోనో దాన్ని వదలకూడదని వేరే చెప్పనక్కరలేదు. వంగిన షాఫ్ట్ ఉన్న మోటారును మాత్రం కొత్త విమానానికి బిగించకండి. ఆ అదురుకు స్క్రూలు వదులై, సర్వోలు దెబ్బతింటాయి.

కొత్త విమానం వచ్చేలోగా ఐ6ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఉచితంగా దొరికే పికాసిమ్ వంటి సిమ్యులేటర్‌లో మలుపుల్లో కావాలనే స్టాల్ చేయించి, బయటపడటం సాధన చేయండి. విమానం వచ్చాక ప్రొపెల్లర్ తీసేసి, మోటారు తిరుగుతుండగా రిమోట్ ఆపి చూడండి. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారును ఆపే ఏర్పాటు) సరిగా అమరి ఉంటే మోటారు ఆగిపోతుంది. సిగ్నల్ మీద మీకున్న అనుమానం అక్కడితో తీరుతుంది. రెక్క అడుగున ఒక వైపు మాత్రం ముదురురంగు టేపు అతికించండి, దూరాన విమానం ఎటు వాలిందో కళ్ళకు తెలుస్తుంది.

ప్రశ్న: రేణిగుంట దారిలో ఉంటాం. మా అబ్బాయి విమానం గాలికి కొట్టుకుపోయి దొరకలేదు. ఈసారి 250 గ్రాముల లోపు చిన్న విమానం కొంటే డ్రోన్ నిబంధనల బెడద ఉండదని అంటున్నారు. కొనమంటారా?

జవాబు: 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో తరగతి, వినోదం కోసం, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే మోడల్ విమానాలకు వేరే కొన్ని సడలింపులూ ఉన్నాయి. అయితే ఆ సడలింపులు స్థలానికి వర్తించవు. ఎంత చిన్న విమానమైనా రెడ్ (నిషిద్ధ), ఎల్లో (నియంత్రిత) జోన్లలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు, మీ పక్కనే తిరుపతి విమానాశ్రయం ఉంది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో మీ స్థలం ఏ రంగులో ఉందో చూసి, విమానాశ్రయానికి దూరంగా, గ్రీన్ జోన్‌లోని మైదానానికి వెళ్ళండి. తిరుమల కొండ మీద, దాని చుట్టుపక్కల ఆలోచనే పెట్టుకోవద్దు. ఇక తేలిక విమానమైతే గాలికి ఇంకా త్వరగా కొట్టుకుపోతుంది. శేషాచలం కొండల మీదుగా వచ్చే గాలి దిగువన సుడులు తిరుగుతుంది, పగలెక్కేకొద్దీ అది పెరుగుతుంది. చిన్నదే కొంటే సూర్యోదయం తర్వాత గంటన్నరలోపే ఎగరేయించండి. చెట్ల ఆకులు కదులుతున్న రోజున పెట్టెలోంచి తీయనివ్వకండి.