శాస్త్రవేత్త వేదాంతం మీద రాస్తున్న అమ్మాయికి

హైదరాబాద్

అమ్మాయ్, ఆశీస్సులు.

పరమాణువు లోపలి కణాలను తరంగాలుగా లెక్కగట్టే సమీకరణం రాసిన భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వచనానికి వంక పెట్టను. కానీ మొదటి పేరాలోనే ‘ఉపనిషత్తులు చదవడం వల్లే ఆయన తరంగ సమీకరణం కనిపెట్టాడు’ అన్నావు చూడు, చిక్కంతా అక్కడుంది. సభలో చదివితే ఆ వాక్యానికి చప్పట్లు పడతాయి. తెలిసినవాడు ఒక్క ప్రశ్న వేస్తే కూలిపోతుంది.

ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గియ్యి. ఎడమవైపు ఆయన భౌతికశాస్త్రం, కుడివైపు వేదాంతం, రెండూ ఏళ్లవారీగా రాసుకో. 1925 శరదృతువులో, జ్యూరిక్‌లో ఉండగా, లోకాన్ని తాను చూసే తీరు గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో వేదాంతం ఉంది. ఆ క్రిస్మస్ సెలవుల్లో స్విట్జర్లాండ్ కొండల్లోని అరోసాలో సమీకరణం మీద కూర్చున్నాడు. 1926 జనవరిలో తొలి పత్రం పత్రికకు చేరింది. తారీఖులు ఇంత దగ్గరగా కనిపించేసరికి దీన్నుంచే అది పుట్టిందనాలని ఎవరికైనా చెయ్యి దురదపెడుతుంది. ఎడమవైపు ఇంకా నింపలేదు, ఆగు. కణానికి కూడా తరంగ స్వభావం ఉందంటూ డి బ్రోయ్ 1924లో సమర్పించిన పరిశోధన అక్కడ రాయాలి. కాంతి కిరణం నడకనూ కణం నడకనూ ఒకే గణితంలో చూసిన హామిల్టన్ పని రాయాలి. సమీకరణానికి దారి అటునుంచి వచ్చింది. ఆ పత్రంలో ఉపనిషత్తు ఊసే లేదు.

ఇంతకీ ఆయన ఏమన్నాడు? 1925 నాటి వ్యాసానికి 1960లో రెండో భాగం కలిపి పుస్తకంగా తెస్తూ, ముందుమాటలో తానే ఈ సంగతి ఎత్తాడు. ఇందులో తరంగ యాంత్రికశాస్త్రం (ఆ సమీకరణం మీద నిలిచిన శాస్త్రం) గురించి ఒక్క ముక్కా లేదేమని అడుగుతారేమో. తాత్విక దృష్టికీ ఆ శాస్త్రానికీ జనం అనుకుంటున్నంత సంబంధం ఉందని నేననుకోను, అని దాని సారాంశం. ఈ ముందుమాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నిజానికి వ్యాసం దీని చుట్టూ తిరగాలి. ముప్ఫై అయిదేళ్ల తర్వాత కూడా వేదాంతాన్ని వదలనివాడు, తన సమీకరణాన్ని మాత్రం దానికి సాక్ష్యంగా పిలవలేదు. ఎందుకు పిలవలేదో రాయి.

అలాగని ఆ రెండూ ఎక్కడా కలవలేదనుకోకు. 1943 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో జీవం గురించి ఉపన్యాసాలిచ్చాడు, మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. దాని చివరి మాటలో, ఇది నా సొంత అభిప్రాయమని ముందే హద్దు గీసుకుని, మెట్టుమెట్టుగా వాదిస్తాడు. శరీరం ప్రకృతి నియమాల ప్రకారం నడిచే యంత్రం. అయినా దాని కదలికలను నడిపేది నేనేనని నాకు అనుభవంలో తెలుసు. రెండూ నిజమైతే, ఆ నియమాల ప్రకారమే పరమాణువులను కదిలించేది ఈ ‘నేను’ అయి ఉండాలి. అక్కడినుంచి ఆత్మే బ్రహ్మం అన్న మాటకు వస్తాడు. చైతన్యం ఒక్కటే, దానికి బహువచనం లేదంటాడు. ఈ మెట్లన్నీ వరసగా రాయి, ఒక్కటీ దాటెయ్యకు. ‘నడిపేది నేను’ నుంచి ‘ఉన్నది ఒక్క నేనే’ దాకా వేసిన అంగ చాలా పెద్దది. అది పాఠకుడికి కనబడాలి.

‘నడిపేది నేనే’ అన్న రెండో మెట్టు మీద తర్వాత వచ్చిన గొడవ కూడా చెప్పాలి. 1983లో మెదడు శాస్త్రవేత్త లిబెట్ చేసిన ప్రయోగంలో, చెయ్యి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ సంకేతం మొదలైంది. కదపాలనుకున్నట్టు మనిషికి తెలిసింది సుమారు 200 మిల్లీసెకన్ల ముందు. దీంతో ఇచ్ఛాస్వేచ్ఛ లేదని తేలిపోయిందని రాసెయ్యకు. ఆ సంకేతం మెదడులోని యాదృచ్ఛిక ఒడుదొడుకులను సగటు తీస్తే కూడా వస్తుందని 2012లో మరో వివరణ వచ్చింది.

ధ్యానంతో గామా తరంగాలు (మెదడులోని వేగమైన విద్యుత్ తరంగాలు) పెరుగుతాయని ‘నిరూపణ అయింది’ అన్నావు. నువ్వు చెప్పే 2004 అధ్యయనంలో ఎనిమిది మంది బౌద్ధ సాధకులు, పోల్చడానికి పదిమంది విద్యార్థులు. సాధకులది 10,000 నుంచి 50,000 గంటల ధ్యానం, విద్యార్థులది వారం రోజుల శిక్షణ. వయసుల్లోనూ బాగా తేడా. పైగా ధ్యానం మొదలుపెట్టకముందే రెండు గుంపుల మెదడు తరంగాల్లో తేడా ఉంది. సాధన వల్ల వచ్చిందా, అలాంటివాళ్లే సాధనకు వస్తారా అన్నది ఈ లెక్కతో తేలదు. ‘నిరూపణ’ కొట్టేసి ‘కనిపించింది’ అని పెట్టు.

ఉపనిషత్తుల వైపు నువ్వు ఇంకా అజాగ్రత్తగా ఉన్నావు. ‘ఉపనిషత్తులు ఇలా అంటాయి’ అని రాస్తే చిక్కడపల్లి నుంచి ఏ శ్రీవైష్ణవ పెద్దాయనో ఉత్తరం రాస్తాడు, రాయాలి కూడా. ష్రోడింగర్ పట్టుకున్నది అద్వైతం, అదీ జర్మన్ తత్వవేత్త షోపెన్‌హౌర్ ద్వారా పరిచయమై, జర్మన్‌లో చదివినది. రామానుజులు, మధ్వులు ఆ వాక్యాలకే వేరే అర్థం చెప్పారు. ‘తత్త్వమసి’ ఛాందోగ్యం ఆరో అధ్యాయంలోది, ‘అహం బ్రహ్మాస్మి’ బృహదారణ్యకం మొదటి అధ్యాయంలోది. దోమలగూడ రామకృష్ణ మఠానికి వెళ్లి మూలం తెరిచి, ముందు వెనకా మంత్రాలతో కలిపి చదువు.

విద్యుత్ ఆవిష్కర్త టెస్లా మీద రాసిన పేరా తీసెయ్యి. 1896 ఫిబ్రవరి 13 నాటి ఉత్తరంలో వివేకానందుడు చెప్పింది, బలాన్నీ పదార్థాన్నీ స్థితిశక్తిగా కుదించవచ్చని గణితంతో చూపగలనని టెస్లా అనుకుంటున్నాడని మాత్రమే. చూపించాడని కాదు.

ష్రోడింగర్‌ని ఋషిని చెయ్యకు. మైనర్ బాలికలతో ఆయన నడవడి మీద వచ్చిన ఆరోపణల వల్ల 2022లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ భౌతికశాస్త్ర విభాగం ఉపన్యాస మందిరానికి ఆయన పేరు తీసేసింది. రెండు వాక్యాల్లోనైనా అది ఉండాలి.

చివర్లో మన ఊరి శాస్త్రవేత్తను ఒకరిని కలిసి చేరుస్తానన్నావు, మంచిదే. హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల వెతికితే దొరుకుతారు. అక్కడి జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీని నిలబెట్టిన పుష్ప భార్గవ శాస్త్రాన్నీ మతాన్నీ కలిపే ఇలాంటి కలగలుపును చివరిదాకా ఎదిరించిన మనిషి, ఆ సంగతి గుర్తుంచుకుని వెళ్లు. దసరాకి మైక్రోస్కోపుకు కుంకుమబొట్టు కనబడితే వేదాంతం దొరికిందని సంబరపడకు, అది ఆయుధపూజ. దేవుణ్ని నమ్ముతారా అని మొదలుపెడితే తయారుగా ఉన్న జవాబే వస్తుంది. ముందు ఓ గంట ప్రయోగశాల పని గురించి అడుగు. తర్వాత ఏ పుస్తకం, ఏ వయసులో, ఎవరిచ్చారు అని అడుగు. ఆ చదువు వల్ల ప్రయోగం చేసే తీరులో ఏమైనా మారిందా అని అడిగి, జవాబు వచ్చేదాకా మాట్లాడకు. మారలేదంటే అలాగే రాసుకో. ఆయన మాటలుగా నువ్వు వేయబోయే వాక్యాలను ఫోన్‌లో చదివి వినిపించి సరిచూసుకో. వ్యాసం మొత్తం మాత్రం అచ్చుకు ముందు చూపించకు.

ఉంటాను.