ఏపీఐ పరిమితులు, చిక్కులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇతర సంస్థల వెబ్ సేవలను ఏపీఐల ద్వారా, అంటే ఒక ప్రోగ్రాము మరో సేవను అడిగి జవాబు తెచ్చుకునే మార్గాల ద్వారా, తమ ప్రోగ్రాములలో వాడుకుంటున్న పాఠకులు పంపిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాము. సేవ వేరొకరిది, నియమాలు పెట్టేదీ మార్చేదీ వారే, అయినా పని ఆగిపోయినప్పుడు మన వినియోగదారులకు సమాధానం చెప్పుకోవలసింది మాత్రం మనమే కనుక, ఈ ప్రశ్నలలో కొన్నింటికి కాస్త వివరంగా జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: వేలకొద్దీ చిరునామాలకు అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకోవడానికి ఒక మ్యాప్ సేవ ఏపీఐని వాడుతున్నాను. కొంతసేపు బాగానే నడిచి, తరువాత 429 అనే ఎర్రర్ వస్తోంది. ఎర్రర్ రాగానే మళ్ళీ అడిగేలా లూప్ రాస్తే చివరికి నా కీ (నన్ను గుర్తుపట్టడానికి సేవ ఇచ్చిన రహస్య సంకేతం) పనిచేయడమే మానేసింది. నాలుగైదు ఖాతాలు తెరిచి కీలను మార్చి మార్చి వాడమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మిత్రుడి సలహా పాటించవద్దు. అనేక సేవల నిబంధనలు దానిని స్పష్టంగా నిషేధిస్తాయి. పట్టుబడితే అన్ని ఖాతాలూ ఒకేసారి మూతపడతాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఆ పరిమితి ఉన్నది అదే సర్వర్ మీద ఆధారపడిన మిగతావారికి కూడా సేవ అందడం కోసం. దొంగదారిన దానిని దాటితే నష్టపోయేది మనలాంటి వాళ్ళే.

429 అంటే "మరీ ఎక్కువ రిక్వెస్టులు పంపుతున్నారు" అని అర్థం. 2012లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6585 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం దీనిని నిర్వచించింది. ఈ జవాబుతో పాటు రీట్రై-ఆఫ్టర్ అనే హెడర్ (రిక్వెస్టుకో జవాబుకో జతచేసే అదనపు సమాచారం) వచ్చే అవకాశం ఉంది. ఎంతసేపు ఆగాలో సర్వర్ అందులో చెబుతుంది. అయితే ఆ విలువ సెకన్ల సంఖ్యగానైనా ఉండవచ్చు, పూర్తి తేదీ, సమయంగానైనా ఉండవచ్చు. చాలామంది మొదటి రూపానికి మాత్రమే కోడ్ రాసి, రెండోది వచ్చిన రోజున ప్రోగ్రాము ఎందుకు కూలిందో తెలియక తికమకపడతారు. హెడర్ లేకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ విరామాన్ని రెట్టింపు చేసుకుంటూ పోవాలి, దానికి ఒక గరిష్ఠ హద్దు పెట్టాలి, ప్రతి విరామానికీ కొంత యాదృచ్ఛిక సమయాన్ని కలపాలి. ఆ చివరిది లేకపోతే, ఒకేసారి తిరస్కరణకు గురైన ప్రోగ్రాములన్నీ ఒకేసారి ఆగి, మళ్ళీ ఒకేసారి సర్వర్ మీద పడతాయి. పరిమితి దాటిన తరువాత కూడా ఆపకుండా అడుగుతూనే ఉంటే నిషేధించే అవకాశం ఉందని, ప్రోగ్రాముల కోడ్‌ను దాచి పంచుకునే సేవ అయిన గిట్‌హబ్ తన ఏపీఐ నియమాలలో రాసింది. మీ కీ విషయంలో జరిగింది కూడా బహుశా అదే.

ఇంకో జాగ్రత్త: మళ్ళీ ప్రయత్నించవలసినది 429కీ, సర్వర్ వైపు ఇబ్బందిని తెలిపే 500 శ్రేణిలోని తాత్కాలిక ఎర్రర్లకూ మాత్రమే. 400, 401, 404 వంటివి వస్తే తప్పు మన రిక్వెస్టులోనో, కీలోనో, చిరునామాలోనో ఉంటుంది. దాన్నే వందసార్లు పంపినా జవాబు మారదు, కోటా మాత్రం ఖర్చవుతుంది.

ఇదంతా తిరస్కరణ వచ్చాక చేసే పని. అసలు అడగవలసిన అవసరాన్నే తగ్గించుకోవడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టమని నా సలహా. ఒకే చిరునామా మీ జాబితాలో ఎన్నిసార్లు ఉందో ముందు చూడండి; అదనపు ఖాళీలను, అక్షరాల తేడాలను సరిచేసి, పునరుక్తులను తీసేస్తేనే పని చాలావరకు తగ్గవచ్చు. వచ్చిన జవాబును మీ డేటాబేస్‌లో దాచుకోండి, కాని దాచుకోవడానికి ఆ సేవ ఎంతవరకు అనుమతిస్తుందో చదవకుండా దాచవద్దు. అందరూ కలిసి తయారుచేసే మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారి నామినాటిమ్ సర్వర్ (చిరునామాలకు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చేది) సెకనుకు ఒక రిక్వెస్టుకు మించి ఒప్పుకోదు. మీ ప్రోగ్రాము ఏదో తెలిపే యూజర్-ఏజెంట్ హెడర్ కూడా పంపమంటుంది. ప్రోగ్రామింగ్ లైబ్రరీ తనంతట తాను పెట్టే పేరు అందుకు సరిపోదు. మీ పని నిజంగా పెద్దదైతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను దింపుకుని, నామినాటిమ్‌ను మీ సొంత సర్వర్ మీదనే నడుపుకోవచ్చు. ఆ డేటా, ఆ సాఫ్ట్‌వేర్ రెండూ అందరికీ అందుబాటులో ఉన్నవే.

మారని సమాచారాన్ని పదేపదే తెచ్చుకునే చోట ఈట్యాగ్ చాలా ఉపయోగపడుతుంది. సర్వర్ జవాబుతో పాటు ఇచ్చే ఆ గుర్తును దాచుకుని, తరువాతి రిక్వెస్టులో ఇఫ్-నన్-మ్యాచ్ హెడర్‌లో తిరిగి పంపితే, సమాచారం మారనప్పుడు 304 అనే ఖాళీ జవాబు వస్తుంది. గిట్‌హబ్‌లో కీ లేకుండా అడిగితే గంటకు 60, వ్యక్తిగత టోకెన్‌తో (ఇదీ కీ వంటిదే) అడిగితే గంటకు 5,000 రిక్వెస్టులు మామూలు పరిమితి. టోకెన్‌తో అడిగి 304 పొందిన రిక్వెస్టును ఆ ప్రధాన పరిమితిలో లెక్కించరు. నియమాలు శ్రద్ధగా చదివినవారికి దొరికే ఇటువంటి సౌకర్యాలు ఏ దొంగదారికన్నా మేలైనవి.

చివరిగా, మీ ప్రోగ్రాములో బయటి సేవకు వెళ్ళే ప్రతి రిక్వెస్టూ ఒకే చోటు నుంచి వెళ్ళేలా చూడండి. మూడు నాలుగు సర్వర్ల మీద ఒకే కోడ్ నడుస్తుంటే, దేనికది మొత్తం కోటా తనదే అనుకుంటుంది. విడివిడిగా చూస్తే ఏదీ హద్దు దాటినట్టు కనిపించదు, కలిపి చూస్తే దాటేసి ఉంటారు. ఉమ్మడి లెక్క ఒకటి ఉండాలి, పని అంతా ఒక క్యూలో నిలబడి ఆ లెక్క ప్రకారం బయటికి వెళ్ళాలి. ఇవన్నీ చేశాక కూడా కోటా చాలకపోతే, మీ అవసరాన్ని వివరిస్తూ సంస్థకు రాసి పరిమితి పెంచమని అడగండి. వాడకం లెక్కలు చూపించి అడిగేవారి మాటకు విలువ ఉంటుంది.

ప్రశ్న: డబ్బు చెల్లింపు రిక్వెస్టు పంపాము. టైమ్‌అవుట్ అయింది. ప్రోగ్రాము మళ్ళీ పంపింది. కొనుగోలుదారు ఖాతా నుంచి రెండుసార్లు డబ్బు పోయింది. తప్పు ఎవరిది?

జవాబు: టైమ్‌అవుట్ అంటే జవాబు మనకు చేరలేదని మాత్రమే అర్థం; పని జరగలేదని కాదు. రిక్వెస్టు దారిలోనే పోయి ఉండవచ్చు, సర్వర్ పని పూర్తి చేశాక జవాబు తిరుగుదారిలో పోయి ఉండవచ్చు. ఈ రెండింటినీ వేరు చేసి చూసే మార్గం మన వైపు లేదు. అందువల్ల చెల్లింపుల వంటి చోట గుడ్డిగా మళ్ళీ పంపడం ఎప్పుడూ ప్రమాదమే.

దీనికోసమే కొన్ని సేవలు ఐడెంపొటెన్సీ కీ అనే ఏర్పాటు చేశాయి. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ స్ట్రైప్ ఇందుకు మంచి ఉదాహరణ. రిక్వెస్టుతో పాటు మనం తయారుచేసిన ఒక ప్రత్యేకమైన కీని హెడర్‌లో పంపితే, అదే కీతో రెండోసారి వచ్చిన రిక్వెస్టుకు సర్వర్ పని మళ్ళీ చేయకుండా మొదటి ఫలితాన్నే తిరిగి ఇస్తుంది. కానీ ఇక్కడ ఎక్కువగా కనిపించే పొరపాటు ఒకటుంది. కీని తయారుచేసే వాక్యం మళ్ళీ ప్రయత్నించే లూప్ లోపల ఉంటుంది. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుడుతుంది. సర్వర్ దృష్టిలో ప్రతిదీ కొత్త చెల్లింపే అవుతుంది. కీని లూప్ బయట తయారుచేసి, రిక్వెస్టు పంపడానికి ముందే ఆర్డరుతో పాటు డేటాబేస్‌లో రాసిపెట్టాలి. అప్పుడు మధ్యలో మన ప్రోగ్రామే కూలిపోయి మళ్ళీ లేచినా అదే కీతో అడగగలుగుతుంది. ఆ కీలను సేవలు కలకాలం గుర్తుంచుకోవు. ఎంతకాలం గుర్తుంచుకుంటాయో చూసుకుని, ఆ గడువు దాటిన తరువాత గుడ్డిగా తిరిగి పంపకండి.

మీరు వాడే సేవలో ఈ ఏర్పాటు లేకపోతే మీ ఆర్డరు సంఖ్యను రిఫరెన్సుగా పంపండి. టైమ్‌అవుట్ అయినప్పుడు మళ్ళీ చెల్లించమని అడిగే ముందు, ఆ రిఫరెన్సుతో చెల్లింపు ఏదైనా జరిగిందా అని విచారించండి. ఏదైనా జరిగినప్పుడు సేవ తనంతట తానే మీ సర్వర్‌కు పంపే కబుర్ల, అంటే వెబ్‌హుక్‌ల, విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒకే సంఘటన గురించిన కబురు రెండుసార్లు రావచ్చు, ముందుది వెనుక, వెనుకది ముందు కూడా రావచ్చు. కనుక సంఘటన ఐడీని దాచుకుని, అది అప్పటికే వచ్చి ఉంటే పక్కన పెట్టాలి. తప్పు ఎవరిదని అడిగారు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే రెండోసారి పంపింది మీ ప్రోగ్రామే కనుక, కొనుగోలుదారుకు ముందు డబ్బు తిరిగి ఇప్పించండి.

ప్రశ్న: ఒక సేవ నుంచి పేజీకి 100 చొప్పున రికార్డులు తెచ్చుకుంటున్నాము. చివర లెక్క చూస్తే కొన్ని రెండుసార్లు వచ్చాయి, కొన్ని అసలు రాలేదు. కోడ్‌లో తప్పు కనిపించడం లేదు.

జవాబు: మీ కోడ్‌లో తప్పు లేకపోవచ్చు. కొత్త రికార్డులు జాబితా పైభాగంలో చేరుతున్నాయనుకోండి. మీరు మొదటి పేజీ చదివి, రెండో పేజీ అడిగేలోగా ఒక కొత్త రికార్డు వచ్చి పైన కూర్చుంటే, ఇంతకుముందు 100వ స్థానంలో ఉన్నది 101వ స్థానానికి జరిగి రెండో పేజీలో మళ్ళీ కనిపిస్తుంది. మొదటి పేజీలోనిది ఏదైనా తొలగిపోతే, 101వది 100వ స్థానానికి ఎక్కి మీ కంట పడకుండానే పోతుంది. మొదటి ఇబ్బందికి ఐడీ చూసి పునరుక్తి తీసేస్తే చాలు. రెండోది మాత్రం ఎవరికీ తెలియకుండా జరిగిపోయే నష్టం.

సేవ కర్సర్ పద్ధతిని ఇస్తుంటే, అంటే "ఈ రికార్డు తరువాతివి ఇవ్వు" అని అడిగే వీలుంటే, పేజీ సంఖ్యలు వదిలేసి దానినే వాడండి. లేకపోతే పాతవి ముందు వచ్చేలా సృష్టించిన సమయం ప్రకారం వరుస అడగండి. కొత్తవి చివర చేరతాయి కనుక చదివిన భాగం కదలదు. తొలగింపులు కూడా ఉండే జాబితా అయితే ప్రతి పేజీనీ కొంత వెనక నుంచి, ముందు పేజీతో కొన్ని రికార్డులు కలిసేలా తెచ్చుకుంటే మేలు. కొన్ని సేవలు ఎన్ని పేజీలు అడిగినా ఒక హద్దు తరువాత ఇవ్వవు. గిట్‌హబ్ వెతుకులాట ఒక ప్రశ్నకు 1,000 ఫలితాల దగ్గర ఆగిపోతుంది. అటువంటి చోట తేదీల వారీగా ప్రశ్నను చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కా హద్దు లోపల ఉండేలా అడగడమే మార్గం.

ప్రశ్న: ఏపీఐ పంపిన ఐడీకీ, మా జావాస్క్రిప్ట్ పేజీలో కనిపించే ఐడీకీ చివరి అంకె తేడా వస్తోంది. ఎందుకు?

జవాబు: జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలలో 9007199254740991 దాకా మాత్రమే పూర్ణాంకాలు తేడా లేకుండా నిలుస్తాయి. జేసాన్‌లో (ఏపీఐలు సమాచారాన్ని అక్షరాలుగా రాసి పంపే రూపం) 9007199254740993 అని వస్తే అది చదివేటప్పుడే 9007199254740992గా మారిపోతుంది, ఎక్కడా ఎర్రర్ చూపించదు. ట్విట్టర్ ఐడీలు ఈ హద్దు దాటబోతున్నాయని తెలిసి, 2010లో వారు అదే ఐడీని అక్షరమాలగా ఇచ్చే ఐడీ_ఎస్‌టీఆర్ అనే మరో ఫీల్డును చేర్చారు. మీ సేవలోనూ అలాంటిది ఉంటే వాడండి. లేకపోతే పెద్ద సంఖ్యలను అక్షరమాలగా చదివే జేసాన్ లైబ్రరీని ఎంచుకోండి. ఐడీలతో కూడికలు, తీసివేతలు ఎవరూ చేయరు కనుక డేటాబేస్‌లో కూడా వాటిని అక్షరమాలగా ఉంచవచ్చు.

ప్రశ్న: జవాబు 200 అని, అంటే రిక్వెస్టు సఫలమైందని, వస్తుంది, పని మాత్రం జరగదు. ఇది ఏపీఐ లోపమా?

జవాబు: కాకపోవచ్చు, కొన్ని సేవల పద్ధతే అది. ఉద్యోగులు సందేశాలు పంపుకునే సేవ అయిన స్లాక్ ఏపీఐ చాలా సందర్భాలలో 200 ఇచ్చి, లోపలి జేసాన్‌లో "ఓకే" అనే ఫీల్డును ఫాల్స్ అని పెట్టి కారణం చెబుతుంది. గ్రాఫ్‌క్యూఎల్ (కావలసిన ఫీల్డులను పేర్కొని అడిగే పద్ధతి) సేవలు కూడా తరచుగా 200 ఇచ్చి, "ఎర్రర్స్" అనే జాబితాలో సంగతి పెడతాయి. కొంత సమాచారం వచ్చి, కొంత రాకపోవడం కూడా అక్కడ మామూలే. స్టేటస్ కోడ్‌తో పాటు లోపలి భాగాన్ని కూడా పరీక్షించిన తరువాతే పని జరిగినట్టు లెక్క వేసుకోండి. అనుమానం వచ్చినప్పుడు చూసుకోవడానికి, రహస్య కీలు తీసేసి, జవాబు మొత్తాన్ని లాగ్‌లో ఉంచండి.

ప్రశ్న: మేము ఆధారపడిన ఏపీఐని ఆ సంస్థ ఉన్నట్టుండి మూసేస్తే ఏం చేయాలి?

జవాబు: ఈ భయం నిజమైనదే. 2023లో ట్విట్టర్ తన ఏపీఐకి ఉచిత ప్రవేశం ఆపేస్తున్నట్టు కొద్ది రోజుల గడువుతో ప్రకటించింది. అదే సంవత్సరం రెడిట్ కొత్త ధరలు పెట్టడంతో ఆ చర్చావేదికను ఫోనులో చదవడానికి వాడే అపోలో అనే ప్రసిద్ధమైన యాప్ జూన్ 30న మూతపడింది. దీనికి పూర్తి రక్షణ లేదు. ఆ సేవ పేర్లూ, ఫీల్డులూ, దాని ప్రత్యేక పద్ధతులూ మీ కోడ్ అంతటా పరుచుకోకుండా ఒకే మాడ్యూల్‌లో ఉంచితే, వేరొక సేవకు మారేటప్పుడు ఆ ఒక్కటి తిరగరాస్తే సరిపోతుంది. నియమాలు అనుమతించినంత మేరకు మీ సమాచారం నకలు మీ దగ్గర ఉండనివ్వండి. పద్ధతిగా నడిచే సేవలు మూసివేత తేదీని సన్‌సెట్ అనే హెడర్‌లో ముందుగానే పంపవచ్చు. 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8594 దీనిని నిర్వచించింది. ఆ హెడర్ ఏ జవాబులో కనిపించినా మీకు ఈమెయిల్ వచ్చేలా, అన్ని రిక్వెస్టులూ వెళ్ళే ఆ ఒకే చోట రెండు మూడు వాక్యాల కోడ్ ఇప్పుడే చేర్చుకోండి.