లిఫ్ట్ కిట్ కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు లిఫ్ట్ గురించే, అంటే పొడుగు స్ప్రింగులు, షాకులతో బండి ఎత్తు పెంచడం గురించే. అందరూ అడిగేది ఒకటే: ఎన్ని అంగుళాలు? ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. ఏ సైజు టైరు, బండి మీద ఎప్పుడూ ఉండే బరువెంత అన్నవి ఖాయమైతే, ఆ టైరు తగలకుండా తిరగడానికి సరిపోయే కనీస ఎత్తే మీకు కావాల్సిన లిఫ్ట్.

ప్రశ్న: వానాకాలంలో మారుతి జిమ్నీ వేసుకుని పొలానికి వెళ్తే ట్రాక్టర్ గాళ్ళలో వెనక హౌసింగ్ (యాక్సిల్ మధ్యలోని గుండ్రటి ఇనప డొల్ల) బురదకు ఆనుకుని బండి ఆగిపోతోంది. 2 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయిస్తే ఈ బాధ తప్పుతుందా? (ఆదిలాబాద్)

లిఫ్ట్ వేసినా ఈ బాధ తప్పదండీ. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్‌లే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. స్ప్రింగులు యాక్సిల్ మీద కూర్చుంటాయి కాబట్టి పొడుగు స్ప్రింగులు వేస్తే చాసిస్, బాడీ పైకి లేస్తాయి. డిఫరెన్షియల్ గుండు, అంటే మీరు చెప్పే హౌసింగ్, మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే.

లెక్క చూడండి. కంపెనీ టైరు 195/80 ఆర్15 వ్యాసం 693 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే దాదాపు 703. అంటే హౌసింగ్ కింద మీకు దక్కేది 5 మి.మీ. 235/75 ఆర్15 అయితే 733, దక్కేది 20 మి.మీ. అయితే 235 టైరుకు కనీసం 6 అంగుళాల వెడల్పు రిమ్ కావాలి, జిమ్నీ కంపెనీ రిమ్ ఐదున్నరే. పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే బండి 106 దాకా పోతుంటుంది. గేరింగ్ కూడా అంతమేర బరువెక్కి, ఆ 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు తక్కువలో నడపాల్సి వస్తుంది.

లిఫ్ట్ అసలు పనికొచ్చేది గట్టు దాటేటప్పుడు. అయిదు తలుపుల జిమ్నీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2590 మి.మీ., పొట్ట తగలకుండా దాటగల కోణం 24 డిగ్రీలు. కాలవ గట్టో, రాతి మెట్టో దాటుతుంటే మధ్యభాగం ఆనుకుంటోందంటే దానికి లిఫ్ట్ మందు. మీ ఇబ్బంది అది కాదు.

నల్లరేగడిలో మీరు ముందు చేయాల్సిన పని 215/75లో వెడల్పు గాళ్ళున్న మడ్ టైర్లు వేయించడం. ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైర్ల సన్న గాళ్ళలోకి ఈ మట్టి ఒకసారి ఎక్కిందంటే రాలదు, టైరు నున్నటి గుండైపోతుంది. బురద దిగేముందు గాలి 18–20 పీఎస్ఐకి తగ్గించండి. 15 కంటే దిగనివ్వకండి, గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ నుంచి ఊడుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపుకోవాలి కాబట్టి 12 వోల్టుల పంపు బండిలో ఉండాల్సిందే. కిట్ డబ్బుతో పోలిస్తే ఇదంతా చాలా చౌక. ట్రాక్టర్ గాళ్ళు తప్పించి, చక్రాలను గట్టు మీద వేసి నడిపితే ఆ ఖర్చు కూడా లేదు.

ప్రశ్న: జిమ్నీకే 50 మి.మీ. కిట్ కొన్నాను. పెట్టెలో నాలుగు స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు మాత్రమే ఉన్నాయి. ఇంతేనా, ఇంకేమైనా కావాలా? (తిరుపతి)

కావాలి. ఆ పెట్టె సగం కిట్టే.

మొదటిది కాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు పక్కనుంచి చూస్తే వెనక్కి వాలి ఉండే కోణం. ముందు యాక్సిల్‌ను పట్టుకునే రెండు ఆర్మ్‌లకు వెనక కొసలు చాసిస్‌కు ఉంటాయి. చాసిస్ లేచినప్పుడు ఆ కొసలు పైకి పోయి, యాక్సిల్ పైభాగం ముందుకు వాలుతుంది. 50 మి.మీ.కి రెండు మూడు డిగ్రీలు పోతాయి. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే మధ్యకు రాదు, 80 దాటితే బండి రోడ్డు మీద తేలినట్టు అటూ ఇటూ పోతుంది. దీనికి ఆఫ్‌సెట్ కాస్టర్ బుష్‌లు, అంటే ఆ కోణం సరిచేసేలా రంధ్రం పక్కకు ఉన్న రబ్బరు బుష్‌లు, ఉన్నాయి. హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నచోటే వేయించండి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బయటి గొట్టం సొట్టపోతుంది. బుష్ మీద దిశ గుర్తు ఉంటుంది, తిరగేసి వేస్తే పోయిన కాస్టర్‌కు ఇంకొంత తోడవుతుంది. వేయించాక అలైన్‌మెంట్ షాపులో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) ఒక్కటే కాదు, కాస్టర్ అంకె కూడా ప్రింట్ తీసివ్వమనండి.

రెండోది ప్యాన్‌హార్డ్ రాడ్డు, యాక్సిల్ పక్కకు పోకుండా పట్టుకునేది. దీని ఒక కొస చాసిస్‌కు, రెండోది యాక్సిల్‌కు ఉండటం వల్ల బండి లేచేకొద్దీ యాక్సిల్ పక్కకు జరుగుతుంది. మేస్త్రీల తూకం గుండు తీసుకుని, చదునైన నేల మీద ఫెండర్ అంచు నుంచి దారం వేలాడదీసి, దారానికి టైరుకు మధ్య ఖాళీని రెండు పక్కలా కొలవండి. తేడాలో సగమే యాక్సిల్ జరిగిన దూరం. ముందూ వెనకా విడివిడిగా చూడండి. 4, 5 మి.మీ. అయితే వదిలేయొచ్చు. అంతకు మించితే పొడవు సర్దుకునే రాడ్డు వేయించాలి.

మూడోది బంప్ స్టాప్, అంటే యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు, షాకులు తొందరగా పోయేది ఇక్కడే. పొడుగు షాక్ పూర్తిగా మూసుకున్నా పాతదానికంటే పొడుగే ఉంటుంది. పాత బంప్ స్టాప్ తగిలేలోపే షాక్ లోపల అడుగు తగిలి, వాల్వు పగిలి నూనె కక్కుతుంది. అందుకే కొత్త షాకులు బిగించాక స్ప్రింగులు పెట్టకుండా ఒకసారి పరీక్ష చేయమనండి. చాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌ను జాక్‌తో బంప్ స్టాప్ తగిలేదాకా లేపాలి. అప్పుడు షాక్ రాడ్డు ఇంకా 10–15 మి.మీ. కనబడుతుండాలి. కనబడకపోతే ఎంత తక్కువైతే అంత మందం స్పేసర్ (ఎత్తు పెంచే దిమ్మ) బంప్ స్టాప్ కింద వేయాలి. ఒక పక్క మాత్రమే లేపి, స్టీరింగ్ రెండు కొసలకూ తిప్పి, టైరు ఎక్కడ తగులుతోందో కూడా అప్పుడే చూసేయండి.

తర్వాత యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడనివ్వండి. బ్రేక్ హోస్, ఏబీఎస్ సెన్సర్ వైరు, యాక్సిల్‌కు గాలి ఆడించే బ్రీదర్ గొట్టం, ఈ మూడింటిలో ఏదీ బిగుసుకోకూడదు. హోస్‌ను వేలితో పక్కకు నొక్కితే కాస్త ఊగాలి. బిగుసుకుంటే బ్రాకెట్ కిందికి దించడమో, పొడుగు హోస్ వేయడమో చేయాలి. క్లిప్పు పీకేసి వేలాడదీయడం మాత్రం ఒప్పుకోవద్దు, అది టైరుకు రాసుకుని ఎప్పుడో తెగుతుంది.

ఇక బిగింపు. రబ్బరు బుష్ ఉన్న ప్రతి బోల్టునూ బండి నాలుగు చక్రాల మీద నేలపై నిలిచాకే చివరి టార్క్‌కు (కంపెనీ చెప్పిన బిగువుకు) బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే, బండి దిగినప్పుడు రబ్బరు మెలిపడి ఆ మెలికలోనే ఉండిపోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకే చిరుగుతుంది, అందాకా బండి గట్టిగా కొడుతుంది. లిఫ్ట్ వేశాక బండి కొడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో దీన్నే ముందు అనుమానించాలి. 500 కిలోమీటర్ల తర్వాత అన్నీ మళ్ళీ టార్క్ రెంచితో చూడాలి.

ప్రశ్న: మా మహీంద్రా థార్ 2021 మోడల్. ముందు పక్క 25 మి.మీ. స్పేసర్ వేస్తే చాలు, స్ప్రింగులు మార్చక్కర్లేదని షాపువాళ్ళంటున్నారు. నమ్మొచ్చా? (రాజమహేంద్రవరం)

సగం నిజం. 2020 తర్వాతి థార్‌కు ముందు డబుల్ విష్‌బోన్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్నీ పైనొకటి, కిందొకటి ఆర్మ్‌లు విడిగా పట్టుకుంటాయి), వెనక కాయిల్ స్ప్రింగులతో రిజిడ్ యాక్సిల్. ముందు షాక్ కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది కాబట్టి పైన పెట్టిన 25 మి.మీ. చక్రం దగ్గర అంతకంటే ఎక్కువే అవుతుంది. దాన్ని 25 అనుకుని వెనక కూడా 25 వేస్తే బండి ముక్కు పైకెత్తి నిలబడుతుంది.

స్పేసర్ ఎత్తు పెంచుతుంది గానీ చక్రం మొత్తం కదలిక పెంచదు. పైకి పోయే కదలిక, కిందికి వేలాడే కదలిక కలిపి అంతే.  గుంట దాటగానే 'టక్' మని చప్పుడు రావచ్చు. తారు రోడ్డు, అప్పుడప్పుడు మారేడుమిల్లి మట్టి దారి అయితే సర్దుకుపోవచ్చు. రాళ్ళ మీద తరచూ తిప్పేవారికి పనికిరాదు.

వేయించాక ముందు భాగం జాక్ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా రెండు చోట్ల చూడండి. పై ఆర్మ్‌కు స్ప్రింగుకు మధ్య చూపుడు వేలు దూరాలి. దూరకపోతే కొన్నాళ్ళలో స్ప్రింగు మీద పెయింటు గీసుకుపోయి తుప్పు మొదలవుతుంది. రెండోది, యాక్సిల్ షాఫ్ట్ సీవీ బూటు (జాయింటును కప్పే రబ్బరు తొడుగు) మడతలు. పైపక్క మడతలు ఒకదానికొకటి నొక్కుకుంటున్నాయంటే కోణం ఎక్కువైనట్టే. బూటు చిరిగి గ్రీజు కారిపోయి, పూర్తిగా తిప్పినప్పుడు 'టక టక' మొదలయ్యాక జాయింటు మార్చడమే. 50 మి.మీ. దాకా వెళ్ళాలంటే బాల్ జాయింట్ కోణం సరిచేసిన పై ఆర్మ్‌లు కూడా లెక్కలో వేసుకోండి.

స్ప్రింగు విప్పాల్సిన పని ఏదైనా సరే, స్ప్రింగ్ కంప్రెసర్ లేని షాపులో చేయించకండి. నొక్కిపెట్టిన కాయిల్ జారితే మనిషి ప్రాణం పోతుంది.

ప్రశ్న: ఇనప బంపర్, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), రూఫ్ ర్యాక్ పెట్టించాలనుకుంటున్నాం. హెవీ డ్యూటీ స్ప్రింగులే తీసుకోమంటారా? (హైదరాబాద్)

బంపర్, వించి ముందు బిగించండి, స్ప్రింగులు తర్వాత కొనండి. అన్నీ పెట్టాక ట్యాంకు నింపి వేబ్రిడ్జి కాటా మీద ముందు చక్రాలు మాత్రమే నిలిపి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే నిలిపి ఇంకోసారి తూకం వేయించండి. కంపెనీ బరువుతో తేడా ఎంతో యాక్సిల్ వారీగా తెలుస్తుంది. మంచి కిట్ల పట్టికలో స్ప్రింగులు 'అదనంగా 0 నుంచి 50 కిలోలు', '50 నుంచి 110' అన్నట్టు విడివిడిగా ఉంటాయి. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు వేసే సామాను ఈ లెక్కలోకి రాదు, ఏడాది పొడవునా ఉండేదే వస్తుంది.

100 కిలోలంటే సుమారు 980 న్యూటన్లు. ఒక్కో స్ప్రింగు 30 న్యూటన్/మి.మీ. అయితే జత 60. యాక్సిల్ మీద నేరుగా కూర్చున్న స్ప్రింగులకు ఆ బరువుతో దిగేది 16 మి.మీ. మాత్రమే. దీనికోసం అన్నిటికంటే గట్టి స్ప్రింగు వేస్తే ఖాళీ బండి 50కి బదులు 70 లేస్తుంది. వేలాడే కదలిక మిగలదు, షాక్ ఆ స్ప్రింగు ఎగురును ఆపలేక స్పీడ్ బ్రేకర్ దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంది.

ఏది వేయించినా ముందురోజే చక్రం మధ్య నుంచి పైన ఆర్చ్ అంచు దాకా నాలుగు చోట్లా కొలిచి రాసి పెట్టుకోండి. పాత కొలత లేకపోతే ఎంత లేచిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మారుతి జిప్సీకి పొడుగు షాకిల్స్ (కమాన్‌పట్టీ స్ప్రింగు కొసను చాసిస్‌కు కలిపే లింకులు) వేస్తే చవకలో అయిపోతుందంటున్నారు. (నల్గొండ)

షాకిల్ 50 మి.మీ. పొడుగైతే బండి లేచేది 25. ముందు కమాన్లకు షాకిల్ ముక్కు వైపే ఉంటుంది కాబట్టి కాస్టర్ తగ్గుతుంది. యాక్సిల్‌కు కమానుకు మధ్య కోణం ఉన్న వెడ్జ్ ప్లేటు పెట్టాలి. పాత కమాన్లు కుంగిపోయి ఉంటే మాత్రం షాకిల్స్ జోలికి పోకండి. పట్టీలు విప్పి, విరిగినవి మార్చి, మళ్ళీ వంపు తిప్పించి, బుష్‌లు కొత్తవి వేయిస్తే పోయిన ఎత్తు దానంతటదే వస్తుంది. వెనక యాక్సిల్‌కు రాడ్డుతో కలిసిన బ్రేక్ వాల్వు ఉంటే, ఎత్తు పెరిగాక ఆ రాడ్డును సర్దించాలి. లేదంటే బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది.

ప్రశ్న: మాది జీప్ రాంగ్లర్ జేకే. 3 అంగుళాల కిట్ వేశాక 90 దగ్గర గతుకు తగిలితే స్టీరింగ్ భయంకరంగా వణుకుతోంది. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకును తగ్గించే చిన్న షాక్) వేస్తే పోతుందా? (డల్లాస్)

కొన్నాళ్ళు దాగుతుంది, పోదు. ఇంజిన్ ఆన్‌లో, చక్రాలు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తుంటే, ఇంకొకరు ముందు ట్రాక్ బార్ (పైన చెప్పిన ప్యాన్‌హార్డ్ రాడ్డే) రెండు కొసల మీద చేయి వేసి చూడండి. బోల్టు రంధ్రంలో వెంట్రుకంత ఆడినా దోషి దొరికినట్టే. రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్ మార్చాలి. అక్కడ బాగుంటే వరసగా టైరు బ్యాలెన్స్, బాల్ జాయింట్లు, టై రాడ్ కొసలు, చివరగా కాస్టర్. 3 అంగుళాలకు కాస్టర్ సరిచేయడానికి సర్దుకునే కింది ఆర్మ్‌లో, జామెట్రీ బ్రాకెట్లో వేయించారా లేదా బిల్లులో చూడండి. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సును చక్రానికి కలిపే రాడ్డు) సర్ది స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చుకోకపోతే స్టెబిలిటీ కంట్రోల్ దీపం కూడా ఊరికే వెలుగుతుంటుంది.

ప్రశ్న: ఆర్టీఓ, ఇన్సూరెన్స్ సంగతి? (విజయవాడ)

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మార్పు విషయం బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపకపోతే క్లెయిమ్ వేళ పేచీ వస్తుంది. సస్పెన్షన్, స్టీరింగ్, యాక్సిల్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. కంపెనీ కొలతకు దగ్గరగా ఉన్న టైరు, లిఫ్ట్ లేకుండా కొత్త బుష్‌లు, మంచి షాకులు. చాలామందికి ఇదే చాలు.

లిఫ్ట్ వేయించిన రోజే హెడ్‌లైట్లు కిందికి దించుకోండి.