చివరి 100 అడుగుల్లో బలం తగ్గే పుల్లింగ్ ట్రక్కుకు ఎయిర్ ఇంటర్‌కూలరా, ఐసు నీటి ఇంటర్‌కూలరా?

ఎగ్జాస్ట్ వాయువులతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే ఒకే పెద్ద టర్బోతో, 45 పీఎస్‌ఐ బూస్ట్‌తో నడిచే మీ డీజిల్ ట్రక్కు పుల్లింగ్ పోటీలో మొదటి 200 అడుగులు స్లెడ్‌ను (ముందుకు వెళ్లేకొద్దీ లాగడం కష్టమయ్యే బరువు బండి) చక్కగా లాగి, ఆ తరువాత ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఎగబాకి, పొగ చిక్కబడి, బలం కోల్పోతోందని రాశారు. కంపెనీ ఇచ్చిన ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని ఇంజన్‌లోకి వెళ్లేముందు చల్లార్చేది) తీసేసి అంతకంటే పెద్ద ఎయిర్ ఇంటర్‌కూలర్ బిగించాలా, లేక ఐసు నీటితో పనిచేసేదానికి మారాలా అని అడిగారు. ఒహాయో, ఇండియానా ప్రాంతాల్లో పోటీలకు వెళ్లే ఒక జట్టులో టర్బో, ఇంటర్‌కూలర్ పనులు నేనే చూస్తుంటాను. మా ట్రక్కులోనూ సరిగ్గా ఇదే లక్షణం కనిపించింది. మీ పోటీ తరగతి నిబంధనలు అనుమతిస్తే ఐసు నీటికే మారమని నా సలహా.

కారణం లెక్కలోనే ఉంది. 45 పీఎస్‌ఐ బూస్ట్ అంటే బయటి గాలిని దాదాపు నాలుగు రెట్ల పీడనానికి నొక్కడం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపలికి వెళ్లిన గాలి, టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, సుమారు 240 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. పీడనం మారకుండా ఆ గాలిని 60 డిగ్రీలకు చల్లార్చగలిగితే దాని సాంద్రత ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే అదే బూస్ట్‌తో సిలిండర్లలోకి వెళ్లే ఆక్సిజన్ కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. సుమారు 1,000 హార్స్‌పవర్ ఇచ్చే డీజిల్ ఇంజన్ సెకనుకు దాదాపు 1 కిలో గాలిని మింగుతుంది కాబట్టి, ఈ చల్లార్పు కోసం మీరు 180 కిలోవాట్ల వేడిని తీసివేయాలి. ఒక పుల్, అంటే స్లెడ్‌ను ఒకసారి లాగడం, 12 సెకన్లు సాగిందనుకుంటే మొత్తం వేడి దాదాపు 2,200 కిలోజౌళ్లు.

ఈ వేడిని ఎయిర్ ఇంటర్‌కూలర్ బయటి గాలికి ఇవ్వాలి. రహదారి మీద గంటకు 65 మైళ్ల వేగంతో వెళ్లే ట్రక్కుకు ఆ గాలి ఎదురుగా వస్తూనే ఉంటుంది. స్లెడ్‌ను లాగే ట్రక్కు నెమ్మదిగా కదులుతుంది; పైగా స్లెడ్ మీది బరువు పెట్టె ముందుకు జరిగేకొద్దీ, అంటే మీకు బలం అత్యంత అవసరమైన చోటే, ఆ కాస్త వేగమూ పడిపోతుంది. అందువల్ల మొదటి సెకన్లలో గాలిని ప్రధానంగా చల్లార్చేది ఎదురుగాలి కాదు, ఇంటర్‌కూలర్ లోహం. 15 కిలోల అల్యూమినియం 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కేలోపు దాచుకోగలిగింది సుమారు 800 కిలోజౌళ్లు మాత్రమే, అంటే అవసరమైన దానిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. లోహం నిండాక ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, ఇంధనం మాత్రం తగ్గదు కనుక పొగ, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత రెండూ పెరుగుతాయి. మీరు చూస్తున్నది ఇదేనని నేను నమ్ముతున్నాను. ఇంకా పెద్ద ఎయిర్ ఇంటర్‌కూలర్ ఆ క్షణాన్ని కొంచెం వెనక్కి నెడుతుందే తప్ప తప్పించలేదు.

నీటి విషయానికి వస్తే, ఐసు పెట్టెలోని నీటిని పంపు ఇంటర్‌కూలర్ కోర్ (గాలి వేడిని నీటికి అందించే లోపలి భాగం) గుండా తిప్పుతుంది. 40 లీటర్ల ఐసు నీరు 0 నుంచి 13 డిగ్రీలకు వేడెక్కేటప్పటికే ఆ 2,200 కిలోజౌళ్లనూ తీసుకోగలదు. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్లు పడుతుందని చెప్పి ఏడు కిలోల ఐసు చాలని లెక్క వేసేవారు ఉన్నారు. కానీ పన్నెండు సెకన్లలో అంత ఐసు కరగదు. పుల్ జరుగుతున్నంతసేపూ భారమంతా దాదాపు నీటి మీదే పడుతుంది; వరుసలో ఎదురుచూసేటప్పుడు ఆ నీటిని సున్నా దగ్గర నిలిపి ఉంచడమే ఐసు అసలు పని. అందుకే పెట్టెను ఐసుతో కుక్కి, కాసిని నీళ్లు పోయడం నాకు నచ్చదు.

చాలామంది అశ్రద్ధ చేసేది పంపును. నిమిషానికి 30 లీటర్లు తోడే చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడితే, 180 కిలోవాట్ల వేడి ఆ నీటిని ఒక్కసారి కోర్ దాటేలోపే 85 డిగ్రీలకు పైగా వేడెక్కించాలి. అంటే కోర్‌లో సగభాగం పనికిరాకుండా పోతుంది. నీటి ఉష్ణోగ్రత పెరుగుదలను 20 డిగ్రీలకు కట్టడి చేయాలంటే నిమిషానికి సుమారు 130 లీటర్ల ప్రవాహం కావాలి, అదీ పంపు పెట్టె మీద రాసిన అంకె కాదు, మీ గొట్టాలు, కోర్ గుండా నిజంగా పారే నీరు. బకెట్, గడియారం పెట్టుకుని కొలిచి చూడండి. ఐసు ముక్కలు పంపు నోటికి అడ్డుపడకుండా పెట్టెలో వెడల్పాటి జల్లెడ ఉండాలి. ట్రాక్ ఎక్కడానికి ముందే పంపు నడిపి కోర్ లోహాన్ని కూడా చల్లబరచండి. మా ట్రక్కులో పెద్ద పంపు వేసిన తరువాత వచ్చిన తేడా, కోర్ మార్చినప్పుడు వచ్చిన తేడా కంటే స్పష్టంగా కనిపించింది.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి తప్పక చెప్పాలి. కోర్‌లో పగులు వస్తే బూస్ట్ ఉన్నంతసేపూ గాలి నీటిలోకి పోతుంది, థ్రాటిల్ వదలగానే నీరు గాలి దారిలోకి వస్తుంది. అది సిలిండర్‌లో చేరితే నీరు నొక్కుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పోటీకి ముందు గాలి వైపు పీడనం పెట్టి నీటి పెట్టెలో బుడగలు వస్తున్నాయేమో చూడడం, పుల్ ముగిశాక ఇంటర్‌కూలర్ అడుగున ఉన్న బిరడా విప్పి చెమ్మ ఉందేమో చూడడం మేము మానని అలవాట్లు. బూస్ట్ ఇంకా పెంచే ఆలోచన ఉంటే మరొకటి గమనించండి: 5 బార్ పీడనం వద్ద 30 సెంటీమీటర్ల చదరపు పలక మీద దాదాపు నాలుగున్నర టన్నుల బలం పడుతుంది. మామూలు కార్ల కోసం చేసిన పలుచని ట్యాంకులు దానికి తట్టుకోవు.

ఇంటర్‌కూలర్ జోలికి పోకముందే టర్బో ఎక్కడి గాలి పీలుస్తోందో చూడండి. పైన చెప్పిన పీడనం వద్ద, లోపలికి వెళ్లే గాలి 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే బయటికి వచ్చేది సుమారు 17 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. బానెట్ కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనున్న గాలికి బదులు బయటి గాలిని గొట్టం ద్వారా అందించడం అన్నిటికంటే చవకైన మెరుగుదల.

నీటిని నేరుగా గాలిలోకి చిమ్మే పద్ధతీ బలంగా చల్లారుస్తుంది. కానీ దాన్ని కొన్ని తరగతులే ఒప్పుకుంటాయి, ఏదైనా కొనే ముందు తనిఖీ అధికారిని అడగడం మంచిది.

చివరిగా, ఇంటర్‌కూలర్‌కు ముందు, తరువాత ఉష్ణోగ్రత, పీడనం నమోదు చేసే ఏర్పాటు చేసుకోండి. కోర్ బాగా పనిచేయడం మొదలయ్యాక బూస్ట్ గేజ్ కొంచెం తగ్గి కనిపించవచ్చు, ఎందుకంటే చల్లని గాలిని ఇంజన్ సులువుగా మింగుతుంది. అది చూసి, బూస్ట్‌ను అదుపు చేసే కవాటమైన వేస్ట్‌గేట్ బిగించకండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉష్ణోగ్రత చివరి అడుగు వరకు స్థిరంగా ఉందా, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత దిగిందా అన్నవే చూడండి. అలా కాకుండా గేజ్‌తో పాటు ట్రక్కు బలమూ తగ్గితే, కోర్ గాలి దారిని ఇరుకు చేస్తోందని అర్థం. రెండు పీడనాల మధ్య తేడా ఆ సంగతి బయటపెడుతుంది.