గ్యాస్ లైన్ పోయే చేలో రొయ్యల చెరువు తవ్వుదామంటున్న మా అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కాలవ పక్క చేను రొయ్యల చెరువుకి కౌలుకిస్తానన్నావు. డబ్బు బాగానే వస్తుంది, కాదనను. కానీ ఆ చేలోంచి గెయిల్ కంపెనీ గ్యాస్ లైను పోతోంది నాయనా. ఆ మేర పొక్లెయిన్ దింపనివ్వకు.

భూమి నీదే, పాస్‌బుక్కూ నీదే. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం పైపు పోయే పట్టీలో మాత్రం షెడ్డు కట్టకూడదు, చెరువూ బావీ తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. కొబ్బరి మొక్కా చెట్టే. వరి వేసుకో, మినుము చల్లుకో. సాధారణంగా పైపు మీద ఉండేది మీటరు మందం మట్టి. అది తీసేసి ఉప్పునీళ్లు పెడితే ఇనుముకి తుప్పు తొందరగా పడుతుంది.

కంపెనీ వాళ్లు పాతిన గుర్తురాళ్ల మధ్య తాడు లాగి పైపు దారి ఇదేననుకోకు, మధ్యలో వంపు ఉండొచ్చు. కంపెనీ వాళ్లనే పిలిపించి కొలిపించు.

కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలిన సంగతి నీకు తెలుసు. 2014 జూన్ 27, తెల్లారగట్ల. తాటిపాక నుంచి పోయే 18 అంగుళాల పైపు అది. గ్యాసుతో వచ్చిన నీరు లోపల చేరి తుప్పు పట్టించింది. పైకి ఎవరికి కనపడుతుంది? కారిన గ్యాసు ఇళ్ల మీదికి కమ్మింది, టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని చెబుతారు. ఇరవై మందికి పైగా పోయారు, పసిపిల్లలతో సహా. ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

అందుకే పొలం వెళ్ళినప్పుడల్లా చూడు. పచ్చటి చేలో ఒక్కచోటే గడ్డి మాడినా, బోదెలో బుడగలు వస్తున్నా, బుస్సుమని చప్పుడు వినపడినా అనుమానించు. వాసన రావట్లేదని ధైర్యపడకు. ఇంట్లో సిలిండరు గ్యాసుకి వాసన మందు కలుపుతారు, సహజవాయువుకి తనంతట వాసన ఉండదు. అనుమానం వస్తే మోటారు స్విచ్ ముట్టుకోకు, బండి స్టార్ట్ చేయకు. గాలికి ఎదురుగా నడిచి బాగా దూరం వెళ్ళాకే ఫోన్ తియ్యి. గుర్తురాయి మీది నంబరు ఇవాళే ఫోనులో ఎక్కించుకో, కౌలుదారుకీ ఇవ్వు. పొయ్యిలు వెలిగించొద్దని చుట్టుపక్కల ఇళ్లకి మనిషిని పంపు.

కొత్త లైనుకి నోటిఫికేషన్ వస్తే అభ్యంతరానికి 21 రోజులే గడువు. పరిహారం భూమి విలువలో పది శాతం, పంట నష్టం వేరు. తక్కువనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళొచ్చు.

కౌలుదారుకి నోటిమాటగా చెప్పి వదలకు. పట్టీలో తవ్వకం లేదనీ, జనరేటరు అటు పెట్టకూడదనీ కౌలు కాగితంలోనే రాయించు. రాయకముందు నాకోసారి చూపించు.

మీ పెదనాన్న