రెండు రోజుల్లో హైదరాబాద్ చూడాలంటే

బుజ్జమ్మా,

నువ్వూ అల్లుడుగారూ వచ్చే నెల శని, ఆదివారాలు హైదరాబాద్‌లో ఉంటారని మీ అమ్మ చెప్పింది. నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూసి నవ్వొచ్చింది. రెండు రోజుల్లో పద్నాలుగు చోట్లా! అలా తిరిగితే మీకు గుర్తుండేది ఆటోల్లో కూర్చున్న సంగతే. అందులో పది కొట్టెయ్యి. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు ఇంకోసారి చూడొచ్చు. వాటికే ఒక రోజు కావాలి.

శనివారం మొత్తం పాతబస్తీకి ఇవ్వండి. పది గంటలకి సాలార్‌జంగ్ మ్యూజియం తలుపులు తీసేసరికే అక్కడుండాలి. శుక్రవారం సెలవు. ఆ సంగతి కనుక్కోకుండా ఒకసారి మీ అత్తయ్య పుట్టింటివాళ్లందరినీ తీసుకెళ్లాను. మూసిన గేటు ముందు నించుని ఫొటో దిగి వచ్చాం. ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతుంటారు.

లోపల ముప్పైకి పైగా గ్యాలరీలు ఉన్నాయి. అన్నీ చూడాలని పంతం పట్టకు. ముసుగు వేసుకున్న రెబెకా బొమ్మ దగ్గర మాత్రం ఆగు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది. నిజాం దగ్గర దివానుగా చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. పాలరాతిలోంచే పల్చటి ముసుగు, దాని వెనక ముఖం కనిపిస్తాయి. ఎదురుగా ఒకసారి, పక్కకి జరిగి ఇంకోసారి చూడు. పన్నెండింటికి పావుగంట ముందే గడియారం దగ్గరికి వెళ్లి కూర్చోండి. గంట గంటకీ చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు వినొచ్చు. ఆ బొమ్మ కోసం పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ ఎగబడతారు, నేనూ అంతే.

బయటికొచ్చాక మూసీ అవతలి ఒడ్డు చూడు. 1908 వరదల్లో ఈ నది ఊరినే ముంచేసింది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. నాకైతే మ్యూజియంలో ఉన్న చాలా వస్తువుల కంటే ఆ చెట్టే గొప్ప.

మధ్యాహ్నం బిర్యానీ మాత్రం వద్దు, రాత్రికి ఉంచుకోండి. తిన్నాక చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే దర్బారు హాల్లోనే కునుకు పడుతుంది. అక్కడ పంతొమ్మిది షాండ్లియర్లు ఉన్నాయి. వాటితో పాటు కింద గచ్చు మీద పడే వెలుగు కూడా చూడు. తర్వాత తోటలో, నీళ్ల కుండం గట్టు మీద ఒక అరగంట ఊరికే కూర్చోండి. మూసే టైముకి బయటపడి లాడ్‌బజార్ మీదుగా చార్మినార్‌కి నడవండి, దగ్గరే. సాయంత్రం దీపాలు పెట్టాక లక్కగాజులు మెరిసిపోతుంటాయి. చెప్పిన ధరకి కొనకు, కానీ మరీ గీచి గీచి బేరమాడకు. లక్కని వేడిచేసి రాళ్లు పొదిగేవాళ్లు కనిపిస్తే కాసేపు నిలబడి చూడు.

ఆదివారం పొద్దున నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్దాం. అదే ఆవరణలో ఉన్న మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, అల్లుడుగారికి నచ్చుతుంది. కోఠిలోని రెసిడెన్సీ భవనం, అంటే పూర్వం బ్రిటిష్ రెసిడెంట్ ఉన్న భవనం మాత్రం మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ముందుగా ఫోన్ చేసి, లోపలికి రానిస్తారో లేదో కనుక్కున్నాకే వెళ్లాలి. ఆ పని నేను చూస్తాను.

చెప్పులు మెత్తవి వేసుకో. పెద్ద బ్యాగు తేకు, కౌంటర్లో పెట్టి మళ్లీ లైన్లో నించోవాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు దొరికితే నాంపల్లిలోనే దిగుతారు. స్టేషన్‌కి నేనే వస్తాను. మీ అత్తయ్యకి ఆత్రేయపురం పూతరేకులు మర్చిపోకు.

మీ పెదమావయ్య