సగం లెక్కలు రాలేదంటే వెనకబడ్డట్టు కాదు
పిల్లల చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను తిరుపతిలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కుటుంబం న్యూజెర్సీలో ఉంటోంది. మనవడికి పదేళ్లు, అక్కడ ఐదో తరగతి. వచ్చే ఏడాది వాణ్ణి ఆరో తరగతికి ఒక ప్రైవేటు బడిలో చేర్చాలనుకుంటున్నారు. ఆ బడివాళ్లు మ్యాప్ గ్రోత్ అనే కంప్యూటర్ పరీక్ష రాయించారు, ప్రైవేటు బడుల ప్రవేశ పరీక్ష ఐఎస్ఈఈ స్కోరు కూడా పంపమన్నారు. ప్రతి శనివారం సాయంత్రం ఏడింటికి, అంటే వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నరకు, వీడియో కాల్‌లో గడియారం పెట్టి యాభై లెక్కలు చేయిస్తాను. నలభై ఎనిమిదికి తగ్గకుండా చేస్తాడు. అలాంటివాడు మ్యాప్ రాసి వచ్చి, "తాతా, సగం లెక్కలు నాకు రానే రాలేదు" అని ఏడ్చాడు. నా బోధనలో లోపం ఎక్కడుంది?

జవాబు: మాస్టారూ, మీ బోధనలో లోపం లేదు, మీ మనవడిలోనూ లేదు. సగం ప్రశ్నలు రాకపోవడమే ఆ పరీక్ష పద్ధతి. ఈ సంగతి వాడికి ముందుగా ఎవరూ చెప్పకపోవడం ఒక్కటే జరిగిన పొరపాటు. కాబట్టి వచ్చే శనివారం లెక్కలు పక్కనపెట్టి, ముందు వాడికి ఇది చెప్పండి.

కళ్లజోడు కోసం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన ఒక అద్దం పెట్టి "ఇది బాగుందా?" అంటారు, ఇంకోటి మార్చి "ఇప్పుడో?" అంటారు. మనం ఎన్ని అక్షరాలు తప్పు చదివామో లెక్కపెట్టి మార్కులు వేయరు. స్పష్టంగా కనిపించే వరుస ఎక్కడ ఆగి, మసక ఎక్కడ మొదలవుతుందో ఆ చోటు కోసం వెతుకుతారు. మ్యాప్ గ్రోత్ చేసే పని కూడా అదే. పిల్లవాడు సరైన జవాబు పెడితే తరువాతి ప్రశ్న కాస్త కష్టమైనది వస్తుంది, తప్పు పెడితే కాస్త తేలికైనది వస్తుంది. అలా పైకీ కిందికీ కదులుతూ, పిల్లవాడికి వచ్చినదీ రానిదీ కలిసే చోటు దగ్గర పరీక్ష నిలబడుతుంది. అందువల్ల చదువులో ఎంత చురుకైన పిల్లవాడికైనా, ఎంత వెనకబడ్డ పిల్లవాడికైనా ఇంచుమించు సగం జవాబులే సరైనవి అవుతాయి. ఇద్దరికీ తేడా ఏ స్థాయి ప్రశ్నల్లో సగం వచ్చాయన్న దగ్గరే ఉంటుంది.

ఈ పరీక్షను తయారుచేసే ఎన్‌డబ్ల్యూఈఏ సంస్థ 1977లో అమెరికాలోని ఓరెగాన్ ప్రాంతంలో మొదలైంది. వాళ్లు ఇచ్చే స్కోరును రిట్ అంటారు. డెన్మార్క్ గణితవేత్త గేయార్గ్ రాష్ రూపొందించిన కొలత పద్ధతి మీద అది ఆధారపడింది, ఆ పేరులోని మొదటి అక్షరం ఆయనదే. మన అలిపిరి మెట్లతో పోల్చి చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. మెట్లకు ఒకటి నుంచి వరుసగా అంకెలు వేసుకుంటే, ఎక్కేది పిల్లవాడైనా పెద్దవాడైనా ఫలానా మెట్టు ఫలానా మెట్టే. రిట్ కూడా తరగతితో మారని కొలత, కాబట్టి మూడో తరగతిలో నిలబడ్డ మెట్టుకూ ఐదో తరగతిలో నిలబడ్డ మెట్టుకూ మధ్య పిల్లవాడు ఎంత ఎక్కాడో అందులో తెలుస్తుంది. మీ యాభై లెక్కల్లో వాడికి నలభై ఎనిమిది వస్తున్నాయంటే, ఆ మెట్లు వాడు ఎప్పుడో దాటేశాడని అర్థం. వారం వారం దాటిన మెట్లే మళ్లీ ఎక్కిస్తున్నాం కాబట్టి, మోకాళ్ల పర్వతం ఎదురయ్యేసరికి వాడికి అది కొత్తగానూ భయంగానూ అనిపించింది.

పోయిన వేసవిలో మా బంధువుల ఇంట్లో, కాలిఫోర్నియా నుంచి సెలవులకు వచ్చిన తొమ్మిదేళ్ల పాప ల్యాప్‌టాప్‌లో ఇలాంటి నమూనా పరీక్ష రాస్తుంటే పక్కన కూర్చున్నాను. మొదటి ఆరు ప్రశ్నలూ నిటారుగా కూర్చుని చేసింది. ఏడోది భిన్నాల లెక్క. పాప దాన్ని ఒకసారి చదివి, తెర మీద నుంచి చూపు తిప్పి, వాళ్లమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ నొసలు కాస్త ముడిపడి ఉంది, అంతే. ఆ తరువాతి ప్రశ్నలకు పాప మూడేసి సెకన్లు కూడా ఆగలేదు, వేలు ఆడిస్తూ ఏదో ఒకటి నొక్కుతూ పోయింది. ఆ లెక్కలు చేయగల శక్తి ఆ పాపకు ఉంది. కష్టమైన ప్రశ్న రావడమంటే ఓడిపోవడమని మాత్రం ఆ ఇంట్లో నేర్చుకుంది. నూటికి నూరు తెచ్చుకున్నప్పుడే మెచ్చుకునే మన అలవాటు పిల్లల మీద ఎంత బరువు పెడుతుందో ఆ రోజు నా కళ్లారా చూశాను, ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. మ్యాప్ గ్రోత్‌కు కాలపరిమితి లేదు. ఒక ప్రశ్నకు జవాబిచ్చి ముందుకు వెళితే మళ్లీ వెనక్కి వచ్చి దిద్దుకోవడం కుదరదు. ప్రశ్న చదవకుండా గబగబా నొక్కుతుంటే కంప్యూటరే పరీక్షను ఆపి, పర్యవేక్షకుడికి తెలియజేస్తుంది. అందువల్ల మీరు గడియారం పెట్టి నేర్పిన వేగం ఈ పరీక్షలో ఎదురు తిరుగుతుంది. ఐఎస్ఈఈ పూర్తిగా వేరు. అది జవాబునుబట్టి ప్రశ్నలు మారే పరీక్ష కాదు, అందులో ప్రతి భాగానికీ నిర్ణీత సమయం ఉంటుంది. ఆరో తరగతిలో చేరేవాళ్లు రాసే లోయర్ స్థాయిలో పదాల తర్కం 34 ప్రశ్నలు 20 నిమిషాల్లో, అంకెల తర్కం 38 ప్రశ్నలు 35 నిమిషాల్లో, పఠనం 25 ప్రశ్నలు 25 నిమిషాల్లో, గణితం 30 ప్రశ్నలు 30 నిమిషాల్లో చేయాలి. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి, చివరి నిమిషంలో మిగిలిన వాటికి కూడా ఏదో ఒక జవాబు గుర్తించాల్సిందే. చివర 30 నిమిషాల వ్యాసం ఉంటుంది, దానికి మార్కులు వేయరు గానీ పిల్లవాడు రాసింది రాసినట్టే బడికి పంపిస్తారు. ఒక పరీక్షకు నిదానం, ఇంకో పరీక్షకు వేగం కావాలి. ఈ రెండింటినీ ఒకే శనివారం కలిపి చేయించకండి. ఒక వారం గడియారం గోడకే ఉండనివ్వండి, మరుసటి వారం మాత్రమే చేతికి తీసుకోండి.

గడియారం లేని వారంలో యాభైకి బదులు ఎనిమిది లెక్కలు చాలు. వాటిలో మూడు వాడికి రానివి కావాలి. ఉదాహరణకు, దోసె పిండికి రెండు కప్పుల బియ్యానికి ముప్పావు కప్పు మినప్పప్పు పోస్తే, ఐదు కప్పుల బియ్యానికి ఎంత పోయాలి? వెంటనే రాకపోతే మీరు చెప్పకండి. ఒక కప్పు బియ్యానికి ఎంతో ముందు అడగండి. ముప్పావులో సగం, అంటే ఎనిమిదింట మూడు వంతులు అని వాడే కాగితం మీద గీసుకుంటాడు. దాన్ని ఐదుతో హెచ్చిస్తే ఎనిమిదింట పదిహేను, అంటే రెండు కప్పులకు ఎనిమిదో వంతు తక్కువ. జవాబు వచ్చినా రాకపోయినా, ఎలా ఆలోచించాడో నోటితో చెప్పించండి, ఆ చెప్పడాన్నే మెచ్చుకోండి. నలభై ఏళ్లు నల్లబల్ల ముందు నిలబడ్డ మీకు ఈ పని నాకంటే బాగా తెలుసు.

ఫలితం చేతికి వచ్చాక అమ్మాయికీ అల్లుడికీ ఒక మాట చెప్పండి. అందులో కనిపించే పర్సంటైల్ మార్కుల శాతం కాదు. జేఈఈ మెయిన్ పుణ్యమా అని ఈ తేడా మన ఊళ్లలో చాలామందికి తెలుసు, అయినా సొంత పిల్లల విషయానికి వచ్చేసరికి మరిచిపోతాం. మ్యాప్‌లో 72 పర్సంటైల్ అంటే అదే తరగతి పిల్లల్లో నూటికి 72 మంది కంటే మెరుగ్గా ఉన్నాడని. ఐఎస్ఈఈలో పోలిక ఇంకా గట్టిది. అక్కడ గత మూడేళ్లలో ప్రైవేటు బడుల ప్రవేశానికి ఇదే పరీక్ష రాసిన, అదే తరగతి పిల్లలతోనే పోలుస్తారు. దాన్ని మళ్లీ 1 నుంచి 9 వరకు ఉండే స్టానైన్ అనే అంకెగా చూపిస్తారు, 40 నుంచి 59 పర్సంటైల్ వస్తే స్టానైన్ 5. బడిలో ఎప్పుడూ ముందుండే పిల్లవాడికి ఇక్కడ 5 గానీ 6 గానీ రావడం మామూలే, దానికి ఇంట్లో దిగులు పడనక్కర్లేదు. ఐఎస్ఈఈని ఏడాదిలో మూడు కాలాలుగా విభజించారు, కాలానికి ఒకసారి చొప్పున రాయవచ్చు. దాన్ని నిర్వహించే ఈఆర్‌బీ సంస్థ నమూనా ప్రశ్నల పుస్తకాన్ని ఉచితంగానే ఇస్తుంది, ముందు దాన్ని పూర్తి చేయించాకే కోచింగ్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: మాది చిత్తూరు. మావారు ఉద్యోగం మీద టెక్సాస్ వెళ్లారు, జూన్‌లో నేనూ పాపా వెళ్తాం. పాప సీబీఎస్ఈలో ఆరో తరగతి. అక్కడ చేర్చుకోబోయే ప్రైవేటు బడి మ్యాప్ పరీక్ష పెడుతుందట. పాపకు లెక్కలు బాగా వచ్చు. ఇప్పటినుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని అందరూ అంటున్నారు.

జవాబు: అమ్మా, ఇంట్లో తెలుగు మానేయకండి. మ్యాప్‌లోని పఠనం భాగంలో అడిగేది ఎక్కువగా "అతను అలా ఎందుకు చేశాడు", "దీన్నిబట్టి ఏం తెలుస్తోంది" అనే ప్రశ్నలే. కథ విని కారణం వెతకడం తెలుగులో అలవాటైన పిల్లకు అది ఇంగ్లీషులోనూ పనికొస్తుంది. ఆ పక్కనే రోజూ ఒక అరగంట పాప తనకు నచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదువుకోవాలి.

లెక్కలు బాగా వచ్చిన మన పిల్లలు అక్కడ తడబడేది లెక్కలో కాదు, దాని చుట్టూ ఉన్న మాటల్లో. మనం ట్రెపీజియం అనేదాన్ని వాళ్లు ట్రెపజాయిడ్ అంటారు. లెక్కలో ఏ గుర్తు ముందు చేయాలో చెప్పే మన బాడ్‌మాస్ అక్కడ పెమ్‌డాస్. మనం లక్ష దగ్గర కామా పెడితే వాళ్లు మూడేసి అంకెలకు ఒకటి పెట్టి, పది లక్షలను మిలియన్ అంటారు. అడుగుకు 12 అంగుళాలు, గజానికి 3 అడుగులు, పౌండుకు 16 ఔన్సులు, గాలనుకు 4 క్వార్టులు పాపకు నోటికి రావాలి. నాణేల్లో నికెల్ అంటే 5 సెంట్లు, డైమ్ అంటే 10, క్వార్టర్ అంటే 25. నెల రోజుల పాటు ఇంట్లో టేపుతో గుమ్మం ఎత్తు అంగుళాల్లో కొలిపించండి, చిత్తూరు ఎండను ఫారన్‌హీట్‌లోకి మార్పించండి. మొదటిసారి స్కోరు తక్కువ వచ్చినా కంగారు పడకండి. మ్యాప్‌ను బడులు మామూలుగా ఏడాదిలో రెండు మూడుసార్లు పెడతాయి, రెండోసారికి ఈ మాటలన్నీ పాపకు అలవాటైపోతాయి.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అన్నయ్య కూతురు దుబాయిలో అమెరికన్ సిలబస్ బడిలో పదకొండో తరగతి చదువుతోంది. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే ఎస్ఏటీ కూడా ఇప్పుడు మ్యాప్‌లాగే జవాబులనుబట్టి మారే పరీక్షేనా?

జవాబు: అవును, కానీ మారే తీరు వేరు. 2023 మార్చి నుంచి అమెరికా బయటా, 2024 మార్చి నుంచి అమెరికాలోనూ అది కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఇంగ్లీషు, గణితం ఒక్కోటి రెండేసి భాగాలు. మొదటి భాగంలో ఎలా రాశారన్నదాన్నిబట్టి రెండో భాగం కష్టంగానో తేలికగానో వస్తుంది, ప్రశ్న ప్రశ్నకూ మారదు. అందువల్ల ఒక భాగం లోపల వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు. తప్పుకు కోత లేదు. మొత్తం 2 గంటల 14 నిమిషాలు. మొదటి భాగంలో తేలిక ప్రశ్నలను తొందరపాటుతో పోగొట్టుకుంటే కష్టమైన రెండో భాగం రాదు, అది రాకపోతే పై స్కోర్లు అందవు. బ్లూబుక్ అనే అధికారిక యాప్‌లో నమూనా పరీక్షలు ఉచితం. పరీక్ష రోజు తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌లోనే, మధ్యలో లేవకుండా, కనీసం రెండు పూర్తిగా రాయమనండి.